ఇరవై రెండో తారీఖు

“ఇయ్యాల నీ బ్యాండు పేరు వస్తే సగం మీసం తీయించుకుంట ఆండాళక్కా!” అన్నాడు జగదీష్, చాయ్ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి.

సూర్యాపేటలో ఆండాళు బ్యాండు షాపు ముందున్న బెంచీ మీద ఆ సాయంత్రం డ్రమ్ముల నాగేందర్ అభిమానులు కూర్చున్నారు. ఇరవై రెండో తారీఖున నాగేందర్ ఈ ఊళ్లో దరువుల పండుగ పెడుతున్నాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్లు కలిపి ఒక్క బ్యాండునే తన పక్కన వాయించడానికి ఎంచుకుంటాడట. ఆ పేరు ఆ రోజే ఆరింటికి అభిమానుల ఫోను గ్రూపులో పెడతానన్నాడు.

“రాసి పెట్టుకోండ్రి, మా భిక్షపతి బ్యాండే. గా బూరలు ఇన్నంక నాగేందరన్నకు ఇంకోటి నచ్చుతదా?” అన్నాడు జగదీష్.

“ఊరుకో అన్నా,” అన్నాడు కోదాడ నుంచి వచ్చిన జితేందర్. “మా ఫకీరా బ్యాండులో డోళ్లే పన్నెండు. ఆయనకి కావాల్సింది డోలు గానీ బూర కాదు.”

“గ్రూపుల సగం మంది మిర్యాలగూడ నాని బ్యాండు అంటున్నరు మరి,” అన్నాడు బెంచీ చివరనున్న ఇంకొకడు.

“నానికి లైట్లు ఎక్కువ, దరువు తక్కువ,” అని కొట్టిపారేశాడు జగదీష్.

ఆండాళు తన తాషా డప్పును సెగకు కాచుతూ నవ్వింది. “మీసం మంచిగ దువ్వుకో జగదీషూ. రేపటికి సగమే ఉంటది.”

“ఆరుగురు ఆడోళ్ల బ్యాండు నీది. ఆయన నీ పేరన్న ఇన్నడా అక్కా?”

“ఇంటడు.”

లోపల డోలు తాళ్లు బిగిస్తున్న రూప ఆ ధీమా విని పని ఆపింది. బయటికి వచ్చి మెల్లగా అంది. “అక్కా, ఇరవై రెండే ఆఖరి ముహూర్తం. ఆనాటికి మూడు పెళ్లిళ్లు వస్తే మూడూ ఒద్దంటివి. ఈడ పేరు రాకుంటే ఇగ శ్రావణం దాకా మనల్ని పిలిచేటోళ్లే లేరు.”

“వస్తదే. నువ్వు తాళ్లు బిగియ్యి.”

ఐదున్నరకు ఆండాళు ఫోను మోగింది. స్పీకరు పెట్టింది.

“అమ్మా, నేను డ్రమ్ముల నాగేందర్‌ను.”

బెంచీ మీదున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు.

“ఇరవై రెండున మీరు ఖాళీయేనా? భిక్షపతిని అడిగిన, ఫకీరాను అడిగిన, నానిని అడిగిన. ముగ్గురూ ఆనాటి పెళ్లిళ్లకు బయానా పైసలు తీసుకున్నరట. బయానా పట్టి పెళ్లి ఎగ్గొడితే ఇగ మమ్మల్ని ఎవరు పిలుస్తరన్నా అన్నరు. ఆండాళమ్మను పిలువుమని ముగ్గురూ మీ పేరే చెప్పిండ్రు.”

“ఖాళీయే. కానీ ఖాళీగున్నమని పిలవకు బిడ్డా. ఇని పిలువు.”

ఆండాళు ఫోను బల్ల మీద పెట్టి తాషా మెడలో వేసుకుంది. రూప డోలు ఎత్తుకుంది. లోపలి నుంచి మిగతా నలుగురూ అందుకున్నారు. బల్ల మీద గ్లాసులు గలగలమన్నాయి. రోడ్డు మీద పోతున్న ఆటో ఆగింది. జితేందర్ కాలు తనకు తెలియకుండానే తాళం వేసింది.

దరువు ఆగింది.

“ఇన్నాళ్లు యాడున్నరమ్మా మీరు?” అన్నాడు నాగేందర్. “మీ పేరే పెడుతున్న.”

రూప డోలుతో సహా గిర్రున తిరిగింది. జగదీష్ అరచేత్తో మీసం మూసుకున్నాడు.

“వాయించుడు వాయించినవ్ గానీ, నీ అదృష్టం గూడ ఉన్నదక్కా,” అన్నాడు ఉడుక్కుంటూ. “ముగ్గురికీ గా ఒక్కనాడే పెళ్లిళ్లు తగులుడేంది? మళ్ల ముగ్గురూ నీ పేరే చెప్పుడేంది?”

ఆండాళు తాషా దించి, చీర కొంగుతో చెమట తుడుచుకుంది.

“నేనొద్దన్న మూడు పెళ్లిళ్లు ఎవరికి పంపిననుకున్నవ్ జగదీషూ?”