మూడు గోడల రంగు

"మూడు గోడలకు రెండేసి కోటింగులు పూసినావు. ఈ తూర్పు గోడ ఏం పాపం చేసిందప్పా?"

చిక్కమ్మ నడుం మీద చేయి పెట్టుకుని మొగుణ్ణి నిలదీసింది. నిచ్చెన మీదున్న వెంకటరామప్ప వెనక్కి తిరగలేదు. గోడ తడిగా ఉంది, ఆరనీ అని గొణిగాడు.

"తడి ఉంటేనే ఈ సిమెంటు రంగు పట్టేదని నిన్న నువ్వే కదా పడమటి గోడకు బిందెలు బిందెలు నీళ్ళు మోయించినావు?"

మొదటి అబద్ధం అక్కడికక్కడే దొరికిపోయింది. వెంకటరామప్ప నిచ్చెన దిగి బీడీ వెతుక్కునే మిషతో పక్కకు తప్పుకున్నాడు.

హోసూరు దగ్గరి బేరిగై పల్లెలో ఆ వీధి మొత్తానికి ఇంటికి సొంతంగా రంగు వేసుకున్న మొనగాడు అతనొక్కడే. పెయింటర్లంతా హోసూరు కొత్త లేఅవుట్లలో పడి పల్లె వైపు తొంగి చూడడం మానేశారు. ముప్పై ఏళ్ళు మడక దున్నినవాణ్ణి, ఇటుక గోడకు బ్రష్షు ఆడించలేనా అని తానే పనిలోకి దిగాడు. నాలుగు రోజులు తీగ బ్రష్షుతో పాచి గీకాడు, నీళ్ళు కొట్టాడు, మూడు గోడలను లేత పసుపుకు తెచ్చాడు. నాలుగో గోడ దగ్గర చేయి ఆడడం లేదు.

కారణం అతనికి తెలుసు. చెప్పడానికే నోరు పెగలడం లేదు. ఆ గోడ మీద, చూరు కింద వాన తగలని చోట, పేడచేతుల గుర్తులున్నాయి. ఇంట్లోకి గ్యాసు పొయ్యి రాకముందు పిడకలు ఆ గోడకే కొట్టేవారు. పని అయ్యాక చేతికంటిన పేడను గోడకే అదిమి తుడవడం అలవాటు. అవి అమ్మ చేతులు. అమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది. ఫోటో అన్నది ఒక్కటీ లేదు. మిగిలిందల్లా ఆ వేళ్ళే. వాటి మీద రంగు పూయాలంటే అతనికి ఏడుపొస్తోంది. యాభై దాటిన మనిషి ఈ మాట పైకంటే వీధి వీధంతా నవ్వదా?

బీడీ అయ్యాక వచ్చి రంగు చాలదన్నాడు. పక్కింటి అంకప్ప మోపెడ్డు మీద హోసూరు పోతుంటే చిక్కమ్మ అతనికి రంగు డబ్బా తెమ్మని చెప్పి పంపింది. మధ్యాహ్నానికి డబ్బా అరుగు మీదికి వచ్చింది. అప్పుడు వెంకటరామప్ప దిష్టి సంగతి ఎత్తాడు. కళకళలాడే ఇంటికి ఎక్కడో ఒకచోట కొంచెం రంగు పూయకుండా వదిలేయాలన్నాడు.

"దిష్టికి గుమ్మడికాయ కట్టినాను కదా. ఇంకా గోడ కూడా కట్టాల్నా?"

ఆమె తొందర ఆమెది. ఆదివారం కూతురు సుమ బిడ్డను తొట్టిల్లో వేసే ఉయ్యాల పండగ. కావేరిపట్టణం నుంచి వియ్యాలవారు బస్సు దిగి వచ్చేది తూర్పు వైపు నుంచే. వాళ్ళ కంట మొదట పడేది ఈ గోడే. పేడ మరకలు చూసి వియ్యపురాలు మూతి విరిస్తే సుమ తల యాడ పెట్టుకుంటుందని చిక్కమ్మ గంటసేపు సణిగింది. అతను ఇంకో బీడీ ముట్టించాడు.

ఆమెకు ఓపిక చచ్చిపోయింది. తీగ బ్రష్షు అందుకుని, చీర దోపుకుని, తానే చూరు కింద గీకబోయింది.

వెంకటరామప్ప ఒక్క అంగలో వచ్చి ఆమె చేయి పట్టుకున్నాడు. అమ్మ బతికున్నన్నాళ్ళూ అత్తాకోడళ్ళకు పడేది కాదు. ఆ పాత కోపం ఇప్పుడు గోడ మీద తీర్చుకుంటోందా అని అతనికి ఒళ్ళు మండింది.

"దాన్ని ముట్టొద్దు."

"ఏమిటికి?"

"అవి మా అమ్మ చేతులు" అన్నాడు. "ఆయమ్మది ఇంగేం మిగిలింది నాకు? ఇవొక్కటే. పని మధ్యలో ఎన్నిసార్లు ఈడ నిలబడి చూసుకున్నానో నీకు తెలీదు."

చిక్కమ్మ గోడను చూసింది. మొగుణ్ణి చూసింది. బ్రష్షు కింద పెట్టి, పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. వెంకటరామప్పకు ప్రాణం కుదుటపడింది. ఎంత సణిగినా మనసు మంచిదే అనుకున్నాడు. చుట్టూ పసుపు పూసి ఆ గుర్తుల్ని మాత్రం అలాగే వదిలేస్తానని, ఫోటోకు చట్రం కట్టినట్టు ఉంటుందని, వియ్యాలవారికి తానే చెప్పుకుంటానని చిన్నపిల్లాడిలా బతిమాలాడు.

ఆమె అంతా విన్నది. కోపం రాలేదు, నవ్వూ రాలేదు.

"అత్త పిడకలు కొట్టింది మన పాత మట్టింట్లో" అంది మెల్లగా. "ఈ ఇల్లు కట్టేటప్పటికే ఆయమ్మకు వేళ్ళు వంగేవి కాదు, ముద్ద కూడా నేనే పెడితిని. ఇరవై ఏండ్లు ఈ గోడకు పిడకలు కొట్టింది నేను. అవి నా చేతులప్పా. నేనింకా బతికే ఉండాను కదా, పూసేయ్."