ఆగమనే సైగ

మందుల గిడ్డంగిలో మోడెం బాగుచేసిన ప్రతిసారీ మెకానిక్ దాన్ని మళ్ళీ పాడుచేసే వెళ్ళేవాడు. కారణం ఒక్కటే, అక్కడి ఆపరేటరమ్మాయి.

పాడుచేయడమంటే బ్రహ్మవిద్యేం కాదు. ఫోను లైను మీద వచ్చే అక్షరాలను తెరలకూ ప్రింటరుకూ పంచే పెట్టె ఒకటుంది, టెర్మినల్ సర్వర్ అంటారు. ప్రింటరు అందుకోలేకపోతే ఆ పెట్టె మోడెంకు "కాస్త ఆగు" అని సైగ చేస్తుంది. మనవాడు వెళ్ళేముందు గుట్టుగా ఆ సైగను ఆపేసేవాడు. చిన్నచిన్న మెసేజీలు శుభ్రంగా వచ్చేవి. హెడ్డాఫీసు నుంచి పొడుగాటి సరుకు జాబితా రాగానే సగం అక్షరాలు ఎగిరిపోయి, మిగిలినవి కలగాపులగమయ్యేవి. వెంటనే ఫోను. వెంటనే వీడు, నున్నగా దువ్విన తలతో, హాజరు.

ఈసారి మేనేజరు గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఇది మిషను తప్పు కాదయ్యా. ఎవరో కావాలనే చేస్తున్నారు. పొద్దస్తమానం ఆ పెట్టె పక్కన కూర్చునేది ఆ అమ్మాయే. ఇవాళ సంగతి తేలకపోతే రేపట్నించి రావద్దని చెప్పేస్తా."

ఛీ, ఎంత పాపిష్టి పని చేశాను అనుకున్నాడు మెకానిక్. లోపలికెళితే ఆమె ఏమీ ఎరగనట్టు, "రండి, మంచినీళ్ళు తాగుతారా?" అంది.

సైగను సరిచేశాడు. పొడుగు జాబితా మొత్తం మేనేజరు కళ్ళముందే తెప్పించాడు. ఒక్క అక్షరం చెడలేదు.

"తప్పంతా దీనిదే సార్," అని తన సంచిలోని పాత కేబులొకటి ఊపి చూపించాడు. "పాపం, ఆవిడకేం సంబంధం లేదు. ఇక మీకు నాతో పనిపడదు."

మేనేజరు శాంతించాడు. మెకానిక్ మాత్రం మెట్లు దిగుతూ ఏడ్చినంత పనిచేశాడు. ఇక ఏ వంక పెట్టుకుని వస్తాడు?

వారం తిరక్కుండానే ఫోను.

"మళ్ళీ పిచ్చి అక్షరాలండీ," అంది ఆమె.

ఆమె ఉద్యోగం ఊడుతుందేమోనని హడలిపోతూ, తల కూడా దువ్వుకోకుండా పరిగెత్తాడు.

"మేనేజరు గారు చూశారా?"

"సెలవులో ఉన్నారు."

"బతికించారు!" అంటూ సెట్టింగులు తీసి చూసి నోరెళ్ళబెట్టాడు. సైగ ఆపేసి ఉంది.

"నేను సరిచేసే వెళ్ళానండీ, ఒట్టు! ఈసారి నిజంగానే..." అని నాలిక్కరుచుకున్నాడు.

ఆమె నవ్వుతూ మంచినీళ్ళ గ్లాసు అందించింది.

"తెలుసండీ. మొన్న ఆపేయడం మర్చిపోయి వెళ్ళారు కదా, అందుకే నేనే ఆపేశాను."