బంకమట్టి మీద రెండు గుర్తులు

అడవిలో జబ్బుపడ్డ జంతువుల కోసం ఒక పొదరిల్లు ఉండేది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా వాటిని కొంగ చూసుకునేది, ఆ తర్వాత గోరువంక.

ఒకనాడు పంది కోర తగిలి పొట్ట చీలిన జింకపిల్లను తెచ్చారు. వైద్యుడు గిజిగాడు నారతో కుట్లు వేసి, "రేపటిదాకా దీనికి చుక్క నీళ్ళు పట్టకూడదు" అని కొంగకు గట్టిగా చెప్పి వెళ్ళాడు.

మధ్యాహ్నం గోరువంక వచ్చేసరికి కొంగ ఒక రెక్క విప్పే ఉంది. నెమలికి మూడు రోజులు సెలవిచ్చారంది, తనకు ఒక్క పూట ఇవ్వరంది, చెరువులో చేపలే లేవంది. "జింకపిల్ల బాగానే ఉందమ్మాయ్" అని ఎగిరిపోయింది. ఇంకేమైనా ఉందా అని అడగాలని గోరువంకకూ తోచలేదు.

జింకపిల్ల దాహమని ఏడ్చింది. గోరువంక ప్రాణం ఉసూరుమంది. ఏటి దాకా ఇరవైసార్లు తిరిగి ముక్కుతో నీళ్ళు తెచ్చి పోసింది. పొద్దు వాలకముందే పొట్ట ఉబ్బి, కుట్లు తెగి, జింకపిల్ల గోరువంక కళ్ళముందే చచ్చిపోయింది.

పెద్ద ఏనుగు విచారణ పెట్టింది.

"నీళ్ళు నేను పోశానా?" అంది కొంగ.

ఏనుగు చాలాసేపు ఆలోచించి, ఇకమీదట డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ బంకమట్టి మీద కాలి గుర్తు వెయ్యాలని తీర్పు చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం కొంగ గుర్తు వేసింది, గోరువంకా వేసింది. లోపల కొత్తగా వచ్చిన కుందేలు మూలుగుతోంది.

"అక్కా, దీని సంగతేమిటి?"

"గుర్తు వేశాంగా, ఇంకేమిటి?" అని కొంగ వెళ్ళిపోయింది.

కుందేలు నీళ్ళడిగింది. గోరువంక ముక్కు నిండా నీళ్ళు తెచ్చి, పొయ్యాలో మానాలో తెలియక, దాని నోటి దగ్గర అలాగే నిలబడిపోయింది.