నాలుగో పిల్ల రంగు

నల్లరేగడి నేలలో కాటుక, నేరేడు అనే నల్ల కుందేళ్ల జంట ఉండేది. ఇద్దరి తల్లులూ మాత్రం తెల్ల కుందేళ్లే. అందుకని నేరేడు తొలి కాన్పుకు ముందు, అడవికంతటికీ పండితుడైన ముళ్లయ్య అనే ముళ్లపంది లెక్క కట్టి, "మీకు నలుగురు పుడితే ముగ్గురు నలుపు, ఒకరు తెలుపు," అన్నాడు.

తొలి కాన్పులో ముగ్గురు పుట్టారు. ముగ్గురూ నలుపే. నేరేడుకు మళ్లీ కడుపు పండగానే ముళ్లయ్య తేల్చేశాడు.

"ఇక మిగిలింది తెలుపే!"

నల్లనేల మీద తెల్లపిల్ల ఉంటే గద్దకు ఇట్టే కనిపిస్తుంది. ఆలుమగలు పిల్లల్ని పిన్నికి అప్పగించి, దూరంగా ఉన్న తెల్లటి సుద్దనేలకు వెళ్లిపోయారు.

అక్కడ నాలుగో పిల్ల పుట్టింది. బొగ్గులా నల్లగా ఉంది. తెల్లనేల మీద దాన్ని గద్ద క్షణంలో పసిగట్టింది. కాటుక అడ్డంగా పరుగెత్తి గద్దను తనవైపు తిప్పుకున్నాడు. నేరేడు పిల్లను నోట కరుచుకుని పొదలో దూరింది. కాటుక చెవి చిరిగింది కానీ ప్రాణం దక్కింది.

ఇంటికి తిరిగొచ్చాక ముళ్లయ్య పరామర్శకు వచ్చాడు.

"నా లెక్కలో తప్పులేదమ్మా. మీ పిల్లే తప్పుగా పుట్టింది. వచ్చే కాన్పులో మాత్రం తెలుపు ఖాయం."

"పంతులుగారూ, ముందు ఎవరు పుట్టారో నా కడుపుకు గుర్తుండదండీ. ప్రతిసారీ కొత్తగానే మొదలుపెడుతుంది," అంది నేరేడు.

ముళ్లయ్య జాలిగా తల ఊపాడు.

"మతిమరుపుకు నా దగ్గర మంచి వేరుంది. రేపు పంపిస్తాను, అరగదీసి తాగమ్మా," అన్నాడు.