పళ్లు చూసి కొనే ఇల్లు

ఇల్లు కొనేవాళ్లు గోడలు చూస్తారు. నూలు వ్యాపారి రామచంద్రయ్య ఆ ఇంటివాళ్ల పళ్లు చూస్తాడు.

మర్రిగూడ దిక్కు కొన్ని బావుల నీళ్లు పైకి తేటగా ఉంటాయి. తాగితే పిల్లల పళ్లకు గార పడుతుంది, పెద్దల మోకాళ్లు వంగిపోతాయి. అది దేవుడి శాపమని ఊరు అనుకుంటున్న రోజులు. ఒకే బావి నీళ్లు తాగినవాళ్లందరికీ ఒకే గార పడటం రామచంద్రయ్య కనిపెట్టాడు. ఆ కిటుకు ఎవరికీ చెప్పలేదు. చెబితే తనకేం లాభం?

ఆ రోజు తనకో ఇల్లు కొనుక్కుందామని, ఇండ్లు చూడటానికి ఆయనను వెంటబెట్టుకుని బయల్దేరినవాడు ధర్మయ్య. ఇద్దరూ అక్కాచెల్లెళ్ల మొగుళ్లు. అయిదేండ్ల కింద ధర్మయ్య నెత్తిన చీరల మూటతో ఈ ఊళ్లో దిగాడు. రామచంద్రయ్యే నూలు అరువిచ్చి నిలబెట్టాడు. ఇప్పుడు ధర్మయ్యకు బజార్లో దుకాణం, కొత్త సైకిలు. రామచంద్రయ్యకు అదే పాత కిరాయి ఇల్లు. ఆ సైకిలు గంట వినబడితే చాలు, ఆయనకు తిన్నది అరగదు.

"నాకు ఇండ్ల సంగతి ఏం ఎరుకనే అన్నా. నువ్వు ఏది చెప్తే గది," అన్నాడు ధర్మయ్య.

మొదటిది భీమయ్య ఇల్లు. కొత్తగా సున్నం కొట్టారు గానీ దూలాలకు చెదలు. వాకిట్లో పిల్లలు ఆడుకుంటూ నవ్వారు. అందరి పళ్లూ పచ్చటి గార. రామచంద్రయ్యకు మరదలి పిల్లలు గుర్తొచ్చారు. అంతలో గోడకు ఆనించిన ధర్మయ్య సైకిలు కంటబడింది.

"గిట్లాంటి జాగా మళ్ల దొరకది తమ్మీ. కండ్లు మూసుకొని తీస్కో."

రెండోది లక్ష్మీనర్సమ్మది. అచ్చంపేటలో బిడ్డ దగ్గరికి పోతూ అమ్ముతోంది. టేకు దూలాలు, గాలి ఆడే పడసాల, పెరట్లో బావి. ముసలామె చెంబుతో నీళ్లిచ్చి నవ్వింది. డెబ్బై ఏండ్ల నోట్లో పళ్లు బియ్యపు గింజల్లా ఉన్నాయి.

నీళ్లు గొంతులో తియ్యగా దిగాయి, ఆ వెంటే మంట లేచింది. ఈ పడసాలలో ధర్మయ్య కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. తన భార్య రాజం రోజూ వచ్చి చెల్లెలి ఇంటిని పొగుడుతుంది.

కాదు. ఈ ఇల్లు తనది కావాలి. రాజం కడియాలు కుదువ పెడితే ముందుగా ఇచ్చే బయానాకు సరిపోతుంది.

"గడప వంకర," అన్నాడు. "వాకిలి దక్షిణం. దూలాలు పాతమాలు. గీ పడసాల గాలికి పిల్లలకు జెరాలే."

"మా ఆయన గీ మాటలు వింటే మళ్లొక్కసారి సచ్చేటోడు," అంది లక్ష్మీనర్సమ్మ.

"నీళ్లయితే మంచిగున్నయి కదన్నా?" ధర్మయ్య మెల్లగా అడిగాడు.

"నీళ్లదేముంది తమ్మీ, ఏ బాయిల నీళ్లయినా నీళ్లే."

ధర్మయ్య చెంబు కింద పెట్టాడు. "నువ్వు చెప్పినంక ఇంకేముంది. పోదాం పా."

సాయంత్రమే రాజం కడియాలు కుదువకు పోయాయి. పుట్టింటివి, ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "సొంతింటిదానివైతవు, ఏడుస్తవేందే," అన్నాడు రామచంద్రయ్య.

తెల్లారి బయానా మొలలో దోపుకుని లక్ష్మీనర్సమ్మ తలుపు తట్టాడు. నిన్న తిట్టిన గడపను ఈసారి కళ్లకద్దుకునేలా చూశాడు.

"ఇల్లా?" అంది ముసలామె. "నిన్న పొద్దుగూకంగనే బయానా తీసుకుంటి బిడ్డా. నీ తమ్ముడే ఇచ్చిపోయిండు."

"అన్ని వంకలున్నయని చెప్పిన కదా వానికి?"

"నేను గూడ గదే అడిగిన," అంటూ లక్ష్మీనర్సమ్మ తెల్లటి పళ్లన్నీ కనబడేలా నవ్వింది. "'మా అన్న ఏ ఇంటికి ఎక్కువ వంకలు పెడ్తడో చూసి గదే కొందామని ఎంబడి తెచ్చుకున్న' అన్నడు."