గుండు మునిగేంత మందు

ఆ పొద్దు ఇంట్లో ఉన్నది ముగ్గురే: ముకుందన్, ఆయన తల్లి పంకజవల్లి, కూతురు సుగంధి. తాత తుపాకిని కూడా మనిషిగా లెక్కేస్తే నలుగురు.

లైసెన్సున్న పాతకాలపు తుపాకి. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించాలి.

సాయంత్రం అమ్మవారి తేరు కదిలేముందు, తాటిమొద్దుకు కట్టిన టెంకాయను ఈ ఇంటి తుపాకి కొట్టాలి. తప్పితే వచ్చే ఏటినుంచి ఆ మర్యాద పడమటి వీధి నరసింహన్‌కు పోతుంది.

తాతకు ఏనాడూ గురి తప్పలేదు. తాత పోయినాక ఇదే మొదటి తిరునాళ్ళు.

పెరట్లో మళ్ళీ ధడేల్‌మంది. సుగంధి పరుగెత్తింది.

గురికని కట్టిన టెంకాయ కదల్లేదు. పక్కన అరటాకు చిరిగింది.

"భుజం పీకేస్తా ఉంది," అన్నాడు ముకుందన్. "నాయన చెప్పినట్టే పోస్తిని గదా. గుండు అరచేతిలో పెట్టుకో, అది మునిగేదాకా మందు పొయ్యి అన్నాడు."

"మందు జాస్తి," అంది పెరటి వాకిట్లోంచి ఒక గొంతు.

వైతికుప్పంలో చేపలమ్మే మీన్ల ముసలమ్మ. ఏటా ఇదే దినం అరియాంకుప్పం బస్సు దిగుతుంది.

పంకజవల్లి వసారాలోంచి లేచింది. "అమ్మవారికి కాపు కట్టి నీసు ముట్టని ఇంటికి మీన్లు తెస్తివా?"

"గంప వట్టిదే."

"వట్టి గంపతో ఏం అమ్మేదానికొస్తివి?"

ముసలమ్మ గంప దించింది. ముకుందన్ చేతినే చూస్తా ఉంది.

"నీది పెద్ద చెయ్యి అబ్బయ్యా. ఆ గుంటలో గుండు మునగాలంటే మందు జాస్తి పడుతుంది. ఒక్కసారి నన్ను పొయ్యనీ."

అరచెయ్యి చాచింది. చిన్నపిల్లదిలా ఉంది. గీతల్లో నల్లటి చుక్కలు.

ముకుందన్ నవ్వినాడు. "మీన్లు తూచినట్టనుకుంటివా అవ్వా?"

'పొయ్యనియ్యి నాయనా' అనే మాట సుగంధి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"పో," అంది పంకజవల్లి. "బస్సు పోతుంది."

ముసలమ్మ గంప ఎత్తుకుంది.

సాయంత్రం జనం మధ్య తుపాకి పేలింది. టెంకాయ అట్లే వేలాడింది. నరసింహన్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

ఇంటికొచ్చినా సుగంధికి కాలు నిలవలేదు. మిగిలిన గుండొకటి తన అరచేతిలో పెట్టుకొని మందు పోసి చూసింది. నాయన పోసినదాంట్లో సగానికే మునిగిపోయింది.

తిరునాళ్ళ పొద్దు తాత మందు బుర్ర తీస్తే, దిష్టి తగులుతుందని అందరినీ లోపలికి తరిమేవాడు. పెరటి తలుపు మూసేవాడు. మీన్ల ముసలమ్మ వచ్చేదీ అప్పుడే.

సుగంధి లేచి పంకజవల్లి గది దగ్గరికి పోయింది.

"అవ్వా, తాత మందు పోసేది నువ్వెప్పుడన్నా చూసినావా?"

"ఆయన యాడ పోసినాడు? కాల్చేదొక్కటే ఆయన."

"మరి పోసిందెవరు?"

పంకజవల్లి గది వాకిట్లోకి వచ్చింది. తలుపు మీద చెయ్యి వేసింది.

"మీ తాతకు తోడబుట్టిన అక్క, మీన్లు పట్టే మీనవాణ్ణి కట్టుకొనిందని మేం గడప తొక్కనియ్యనిది," అని సుగంధి మొహం మీదే తలుపు మూసింది.