దీపం బొమ్మ

"మలర్, కొంప మునిగింది!"

ఫోన్లో వేలాయుధం అన్నాచ్చి. కారం, మసాలాల మిల్లు ఆయనది. మామూలుగా కోవిల్‌పట్టి అంతా వినపడేలా అరిచే మనిషి, ఇవాళ గుసగుసలాడుతున్నాడు.

"ఏమైంది అన్నాచ్చీ?"

"మిల్లు ముందు నువ్వు చేసిన ఫ్లెక్సీ కట్టాం చూడు, నవ్వే అవ్వది. దాని కింద ఎవడో నిలబడ్డాడు. కదలడే! ఈ ఫొటో తీసిందెవరని ఒకటే అడగడం."

పొన్మలర్ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"లాయరా?"

"తెల్ల చొక్కా. చంకలో సంచి. దాన్నిండా కాయితాలే అయ్యుంటాయి. నాకెందుకొచ్చిన గొడవని నీ షాపు చెప్పి పంపించేశా."

"నన్నిరికించారా?"

"మరి ఫొటో తీసింది నేనా? నాలుగింటికి ఎమ్మెల్యే వచ్చి వెబ్‌సైట్ మొదలుపెడతాడు. ఈలోపు కేసూ గీసూ అన్నారో, నీకూ నాకూ చెల్లు!"

బస్టాండ్ వెనక ఒంటిగది షాపు మలర్‌ది. పెళ్ళి ఫ్లెక్సీలు, చెవులు కుట్టే వేడుక కార్డులు, ఎవరైనా పోతే గోడలకంటించే కన్నీటి నివాళి పోస్టర్లు. ఇన్నాళ్ళూ ఇవే. వెబ్‌సైట్ చేయించుకున్న మొదటి షావుకారు అన్నాచ్చి. ఇది నచ్చితే బజారంతా ఆమె దగ్గరికే వస్తుంది.

బెడిసికొడితే? పక్క వీధిలో ఒకడు ఇలాగే ఎవరి ఫొటోనో వాడి, కేసులో ఇరుక్కుని షాపు మూసేశాడు. ఇప్పుడా గదిలో ఇడ్లీ పిండి అమ్ముతున్నారు.

అలాగని మలర్ ఆ ఫొటో దొంగిలించలేదు. అడిగీ తీయలేదు. పోయిన పంటప్పుడు ఓ కళ్ళంలో, ఎండు మిరపకాయల కుప్ప పక్కన కూర్చుని, ఎవరి మాటకో పడీ పడీ నవ్వుతోంది ఆ అవ్వ. అడిగితే వద్దంటుందేమోనని చాటుగా ఫోన్లో నొక్కేసింది.

"అన్నాచ్చీ, ముందా ఫ్లెక్సీ పీకేయండి!"

"పీకి ఎక్కడ దాచను?"

"దాచొద్దు, లేకుండా చేసేయండి. ఎవరి కంటా పడకూడదు."

ఫోన్ పెట్టేసి కంప్యూటర్ మీద పడింది. వెబ్‌సైట్లో అవ్వని తీసేసి మిరపకాయల బొమ్మ పెట్టింది. ఫ్లెక్సీ ఫైలు తుడిచేసింది. అసలు ఫొటో తుడిచేసింది. ఫోన్లోదీ, ఫోన్ చెత్తబుట్టలోదీ కూడా.

అంత అందమైన నవ్వు ఒక్క నొక్కుకి మాయమైతే మనసు చివుక్కుమంది. కానీ షాపు ముఖ్యమా, నవ్వు ముఖ్యమా?

చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చాడు తెల్ల చొక్కా.

"అక్కా, మసాలా మిల్లు దగ్గర అవ్వ ఫొటో..."

"అది ఇంటర్నెట్లో దొరికింది."

"కాదక్కా. వెనకాల ఉన్నది మా ఊరి కళ్ళం."

మలర్ భయం కోపమై బయటికొచ్చింది.

"అయితే ఏంటయ్యా ఇప్పుడు? కేసు పెడతావా?"

"కేసెందుకక్కా?"

"మరెందుకొచ్చావ్?"

"ఆ ఫొటో మీ దగ్గర ఇంకా ఉందేమోనని."

అమ్మో, సాక్ష్యం అడుగుతున్నాడు! మలర్ కంప్యూటర్ని అతని వైపు గిర్రున తిప్పింది.

"లేదు! నమ్మకపోతే వెతుక్కో."

అతను వంగి చూశాడు. మౌస్ ముట్టుకోవడానిక్కూడా జంకాడు.

"ఒక్కటి కూడా లేదా?"

"ఒక్కటి కూడా లేదు."

అంతలో ఫోన్ మోగింది. కంగారులో ఏది నొక్కిందో, అన్నాచ్చి గొంతు గదంతా వినపడింది.

"మలర్! ఫ్లెక్సీని మిరపకాయలు వేయించే పొయ్యిలో తోసేశా. బూడిదైపోయింది. ఆ లాయరుగాడొస్తే నాకేం తెలీదని బుకాయించెయ్!"

మలర్ తల దించుకుంది. ఇక తిట్టనీ, కొట్టనీ అనుకుంది.

అతను తిట్టలేదు. చంకలోని సంచి తీసి, మడత విప్పి చూసుకున్నాడు. కాయితం ముక్క కూడా లేదు. ఖాళీ బియ్యం బస్తా.

"వేడుక అయిపోయాక ఆ ఫ్లెక్సీ అడిగి పట్టుకెళ్దామని తెచ్చానక్కా. వాన పడినా తడవకుండా."

"నువ్వు... లాయరువి కాదా?"

"నేనా? ట్రాక్టర్ తోలతా. ఇసక్కిముత్తు నా పేరు." బస్తా మళ్ళీ మడత పెట్టాడు. "ఆవిడ మా అమ్మ. పేచ్చియమ్మాళ్. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఎవర్నీ తీయనిచ్చేది కాదు. బస్సులోంచి ఆ బోర్డు చూసి, గబగబా దిగేశా."

"అయ్యో... చెప్పొచ్చుగా! ఆవిణ్ణి తీసుకురా. ఈసారి అడిగే తీస్తా. మంచి చీర కట్టించి, ఇక్కడే కూర్చోబెట్టి తీస్తా."

ఇసక్కిముత్తు ఆమె వంక వింతగా చూశాడు.

"గుర్తులేదా అక్కా? పంటయిన కొన్నాళ్ళకే, ఆడి నెలలో అమ్మ పోయింది. పోస్టర్ మీరే వేశారు. ఆధార్ కార్డు పంపిస్తే, అందులో ముఖం నల్లగా మసిలా ఉంది, పనికిరాదన్నారు. ఫొటో ఉండాల్సిన చోట దీపం బొమ్మ పెట్టారు."

చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ దీపం బొమ్మ పెట్టిన రోజున కూడా, పేచ్చియమ్మాళ్ ఇదే కంప్యూటర్లో పడీ పడీ నవ్వుతూనే ఉంది.